పరుగు తగ్గాక మిగిలిన పరాకు

మా అబ్బాయికి ఏడీహెచ్‌డీ, అంటే పరాకు, అతి చురుకుదనం, దుడుకుతనం లక్షణాలుగా ఉండే సమస్య, ఉన్నదని 2012లో, వాడు రెండో తరగతి చదువుతుండగా, సికింద్రాబాద్‌లోని ఒక పిల్లల మానసిక వైద్యురాలు నిర్ధారించారు. ఇప్పుడు వాడికి ఇరవై ఏళ్లు నిండాయి. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆ నిర్ధారణ మారలేదు గాని, దాని కింద రాసుకోవలసిన లక్షణాలు మాత్రం మారుతూనే వచ్చాయి. ఈమధ్యే తమ పిల్లల విషయంలో ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు కొందరు "పెద్దయ్యాక పోతుందట కదండీ" అని నన్ను అడుగుతుంటారు. అవుననడానికీ లేదు, కాదనడానికీ లేదు. అందుకే ఏ వయసులో ఏది తగ్గిందో, ఏది మిగిలిందో, ఏది కొత్తగా బయటపడిందో, ఒక్కొక్క దశలో డాక్టరు ఎవరిని ఏమని అడిగారో మా ఇంటి మేరకు వివరంగా రాస్తున్నాను. ప్రతి బిడ్డ దారీ ఇలాగే ఉంటుందని నా ఉద్దేశం కాదు.

ఏడేళ్ల వయసులో దాన్ని వెతకవలసిన పని లేకపోయింది, అదే ఎదురొచ్చేది. మేము తార్నాకలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాం. వాడు కిటికీ గ్రిల్లు పట్టుకుని పైదాకా ఎక్కేవాడు, లిఫ్టులో ఉన్న మీటలన్నీ నొక్కి దిగిపోయేవాడు, నాలుగు ముద్దలు తినేలోగా కంచం ముందు నుంచి అన్నిసార్లూ లేచేవాడు. బడిలో కూర్చుని రాయడం వాడి వల్ల కాక, బల్ల పక్కన నిలబడి ఒక మోకాలు బెంచీకి ఆనించి రాసేవాడు. టీచర్ ప్రశ్న సగంలో ఉండగానే జవాబు అరిచేవాడు. ఆ జవాబు చాలాసార్లు సరైనదే కావడంతో ఆవిడకు కోపం మరికాస్త పెరిగేది. ఏటా జనవరి 1న నాంపల్లిలో మొదలయ్యే నుమాయిష్‌కు వెళ్తే మా ఇద్దరిలో ఒకరు దుకాణాలు చూడాలి, ఇంకొకరు వాడి చొక్కా పట్టుకుని నడవాలి. పట్టు వదిలితే జనంలో కలిసిపోయేవాడు. దొరికినప్పుడు తప్పిపోయానన్న బెంగ వాడి ముఖంలో ఏ కోశానా ఉండేది కాదు.

మా అత్తయ్య దీన్ని జబ్బు అనడానికి ఒప్పుకోలేదు. "మేనమామ పోలిక, అంతే. మీ తమ్ముడు చిన్నప్పుడు మీ ఇంటి పెంకుల మీద నడిచేవాడని మీ అమ్మే చెప్పింది కదమ్మా" అనేది. బంధువుల్లో ఒకాయన నవ్వుతూ ఎర్రగడ్డ పేరెత్తారు. హైదరాబాద్‌లో ఎవరి బుద్ధినైనా ఎగతాళి చేయాలంటే అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్న పేటను తలచుకోవడం పాత అలవాటే గాని, పిల్లవాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లబోయే వారంలో ఆ మాట వింటే ఎలా ఉంటుందో విన్నవాళ్లకే తెలుస్తుంది.

డాక్టరు గారు మొదటిరోజే మందు రాయలేదు. వాండర్‌బిల్ట్ ప్రశ్నావళి అనే కాగితాలు చేతికిచ్చారు. తల్లిదండ్రులకు 55 ప్రశ్నలు, టీచరుకు 43. మొదటి తొమ్మిది పరాకు గురించి, తరువాతి తొమ్మిది అతి చురుకుదనం, దుడుకుతనం గురించి, మిగిలినవి మొండితనం, దిగులు, చదువు, స్నేహాల గురించి. లక్షణాల గురించిన ప్రతి ప్రశ్నకూ ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా అనే నాలుగు గడుల్లో ఒకదాన్ని గుర్తించాలి. తొమ్మిదింటిలో కనీసం ఆరు లక్షణాలు ఆరు నెలలకు పైగా ఉండాలనీ, అవి ఇంట్లో మాత్రమే లేదా బడిలో మాత్రమే కాక ఒకటికి మించిన చోట్ల కనిపించాలనీ, వాటివల్ల పిల్లవాడి పనులు నిజంగా దెబ్బతినాలనీ ఆవిడ చెప్పారు. రెండో తొమ్మిదికి వచ్చేసరికి నా పెన్ను చివరి గడి దాటి ఇవతలికి రాలేదు. మొదటి తొమ్మిదిలోనూ ఆరుకు తక్కువ కాలేదు గాని, వాటి దగ్గర నేను కొంత ఆలోచించవలసి వచ్చింది. పిల్లవాడు పరుగెత్తుతున్నప్పుడు వాడు వింటున్నాడా లేదా అన్నది ఎవరు గమనిస్తారు? రెండు రకాలూ కలిసి ఉన్న ఏడీహెచ్‌డీ అని తేల్చారు.

"టీవీలో బొమ్మలు వస్తుంటే గంటసేపు కదలడు కదండీ, మరి శ్రద్ధ లేదని ఎలా అంటారు?" అని మావారు అడిగారు. శ్రద్ధ అసలు లేకపోవడం కాదనీ, దాన్ని కావలసిన చోట కావలసినంతసేపు నిలపడం కష్టమవుతుందనీ, క్షణక్షణం కొత్తది చూపించే బొమ్మల ముందు ఆ కష్టం ఉండదనీ, ఫలితం ఎప్పటికో కనిపించే ఎక్కాల పుస్తకం ముందే అది బయటపడుతుందనీ ఆవిడ వివరించారు. ఈ ఒక్క వివరణ మాకు తరువాతి అన్ని దశల్లోనూ పనికొచ్చింది.

పెద్దయ్యాక పోతుందా అని ఆరోజు మేమూ అడిగాం. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదని ఆవిడ అన్నారు. 1968 నాటి అమెరికన్ వైద్యుల నిర్ధారణ గ్రంథంలో ఇది బాల్యానికే చెందిన సమస్యగా ఉండేదట. కౌమారానికి వచ్చేసరికి సాధారణంగా తగ్గిపోతుందని కూడా అందులో రాశారట. కదలికనే జబ్బుగా చూసినంతకాలం ఆ మాట నిజంలాగే కనిపించింది, ఎందుకంటే కదలిక నిజంగానే తగ్గుతుంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన మెదడు స్కానుల అధ్యయనం గురించి కూడా చెప్పారు. మెదడు పైపొర మందం గరిష్ఠానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సగటున ఏడున్నర ఏళ్లు కాగా ఈ పిల్లల్లో పదిన్నర ఏళ్లుగా తేలిందనీ, ఈ ఆలస్యం ముఖ్యంగా నిగ్రహానికీ ప్రణాళికకూ సంబంధించిన ముందు భాగాల్లో ఎక్కువగా కనిపించిందనీ అన్నారు. ఎదుగుదల ఆగలేదు, వెనకగా నడుస్తోంది. అయితే అది అందరిలోనూ పూర్తిగా అందుకుంటుందని హామీ ఇవ్వలేం అన్నది ఆవిడ సమాధానం.

చికిత్స గురించి క్లుప్తంగానే చెబుతాను. మొదట మా ఇద్దరికీ శిక్షణ: ఒకసారి ఒక్క పనే చెప్పడం, చెప్పేముందు కళ్లలోకి చూడడం, మెప్పు అప్పటికప్పుడే ఇవ్వడం. ఆ తరువాత మిథైల్‌ఫెనిడేట్ తక్కువ మోతాదులో. అది మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వచ్చే మందు కాబట్టి ప్రతి మెడికల్ షాపులోనూ దొరకదు, చీటీ లేనిదే ఇవ్వరు. ఆకలి చచ్చిపోయేది, మధ్యాహ్నం డబ్బా పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది. అందుకని మాత్రకు ముందే కడుపునిండా ఇడ్లీలు పెట్టి, సాయంత్రం మందు దిగేవేళ, అంటే వాడికి ఆకలీ చిరాకూ కలిసి వచ్చేవేళ, అన్నం సిద్ధంగా ఉంచడం అలవాటైంది. వెళ్లిన ప్రతిసారీ ఎత్తు, బరువు, రక్తపోటు చూసేవారు.

ఐదో తరగతి ముగిసేసరికి పరుగు బాగా తగ్గింది. గ్రిల్లు ఎక్కడం మానేశాడు, సినిమా హాల్లో విరామం దాకా కూర్చోగలిగాడు. వాచ్‌మన్ కూడా "బాబు మంచోడైపోయిండు మేడమ్" అన్నాడు. ఇక మందు ఆపెయ్యవచ్చు కదా అని ఇంట్లో సంప్రదింపులు మొదలైన సమయంలోనే ఆరో తరగతి వచ్చింది. అంతవరకూ ఒక్క క్లాస్ టీచరే అన్నీ చెప్పేది. డైరీలో ఆవిడే రాయించేది, బ్యాగులో పెట్టించేది. ఆరు నుంచి సబ్జెక్టుకు ఒక టీచరు, ఒక్కొక్కరికి ఒక క్లాస్‌వర్కు పుస్తకం, ఒక హోంవర్కు పుస్తకం, ఒక ప్రాజెక్టు గడువు. ఇవన్నీ గుర్తుంచుకుని, వరసలో పెట్టుకుని, వేళకు అందించే బాధ్యత పదకొండేళ్ల పిల్లల మీద పడుతుంది. మిగతా పిల్లలు రెండు నెలల్లో అలవాటుపడ్డారు. మావాడికి మాత్రం పరుగు దాచిపెట్టిన పరాకు అప్పుడు పూర్తిగా బయటికొచ్చింది.

వాడు ఏడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం వాడి బ్యాగు నేల మీద బోర్లించిన సంగతి చెబుతాను. నల్లబడి కవరుకు అంటుకుపోయిన అరటిపండు, మూతల్లేని పెన్నులు, నాకు ఎన్నడూ చేరని సర్క్యులర్ల ఉండలు, ఒక చెప్పుల షాపు రసీదు, వృత్తలేఖిని లేని కాంపాస్ బాక్సు. వీటికన్నా నన్ను ఆపింది ఒక సాంఘికశాస్త్రం ప్రాజెక్టు. కాకతీయుల మీద. చక్కగా రాసి, వేయిస్తంభాల గుడి బొమ్మ అతికించి, అట్ట వేసి ఉంది. దానికి వాడికి వచ్చిన మార్కులు సున్నా, ఎందుకంటే ఇవ్వలేదు. "చేశావు కదరా, ఎందుకు ఇవ్వలేదు?" అంటే "మేడమ్ అడిగినప్పుడు బ్యాగులో ఉందని గుర్తు రాలేదమ్మా" అన్నాడు. పని చేయకపోవడం ఒకటి, చేసిన పనిని చివరి గజం దాటించలేకపోవడం ఇంకొకటి. ఈ రెండో దాన్ని సోమరితనమని పిలవడం ఎంత సులభమో ఆ సంవత్సరం పేరెంట్ టీచర్ మీటింగుల్లో చాలాసార్లు విన్నాను.

ఆ ఏడాది మళ్లీ అదే ప్రశ్నావళి ఇచ్చారు. ఈసారి రెండో తొమ్మిదిలో నా గుర్తులు 'అప్పుడప్పుడు' దగ్గరికి జరిగాయి. మొదటి తొమ్మిదిలో దాదాపు అన్నీ చివరి గడికి చేరాయి. బడి తరఫున ఎవరు నింపాలన్నదే పెద్ద ప్రశ్న అయింది. లెక్కల మాస్టారు 'ఏ సమస్యా లేదు' అన్నట్టు నింపారు, సాంఘికశాస్త్రం టీచరు సరిగ్గా నాలాగే నింపారు. నాకిది గందరగోళంగా తోచింది గాని, డాక్టరు గారు రెండూ నిజమేనన్నారు: లెక్కల్లో ప్రతి నిమిషం జవాబు తేలుతుంది, సాంఘికంలో తేలదు. 2013లో వచ్చిన అమెరికన్ నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో, అంటే డీఎస్ఎం ఐదులో, ఇదివరకు ఏడీహెచ్‌డీలో 'ఉపరకాలు' అన్నవాటిని తీసేసి, ప్రస్తుతం కనిపిస్తున్న రూపంగా మాత్రమే రాస్తున్నారనీ, ఒకే బిడ్డ ఒక రూపం నుంచి మరోదానికి మారడం తరచుగా జరుగుతుంది కాబట్టే ఆ మార్పు చేశారనీ అప్పుడే తెలిసింది. మావాడి చీటీలో 'రెండూ కలిసినది' పోయి 'ప్రధానంగా పరాకు' వచ్చింది.

ఆ క్లినిక్ వరండాలో నాకు పరిచయమైన ఒకావిడ కూతురు ఎనిమిదో తరగతిలో మొదటిసారి అక్కడికి వచ్చింది. ఆ అమ్మాయి ఎన్నడూ పరుగెత్తలేదట, ఎవరి మాటకూ అడ్డు రాలేదట. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఏడు తరగతులు గడిపిందట. మంచి పిల్ల అన్న పేరే ఆ అమ్మాయికి అడ్డంకి అయింది. ఆడపిల్లల్లో పరాకు రూపమే ఎక్కువగా ఉండి, అందువల్లే గుర్తింపు ఆలస్యమవుతుందన్నది వైద్యులందరూ చెప్పే మాట. లక్షణాలు పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలన్నది ఇప్పటి నియమం. పాత గ్రంథంలో ఆ గడువు ఏడేళ్లు. ఆ పాత లెక్కే ఉండి ఉంటే ఆ అమ్మాయి విషయం తేల్చడం మరింత కష్టమయ్యేది.

2020లో బడులు మూతపడి పదో తరగతి పాఠాలు ఫోనులోకి వచ్చినప్పుడు వాడికి పదిహేనేళ్లు. నిశ్చలంగా కూర్చునేవాడు. మా అత్తయ్య చూసి "ఇప్పుడు చూడు, రాయిలా కూర్చున్నాడు" అని మురిసిపోయింది. కెమెరా ఆపి ఉండేది, చెవిలో పాఠం నడుస్తుండేది, వేళ్లు మాత్రం ఇంకో తెర మీద తిరుగుతుండేవి. ఒకరోజు నేను అడిగితే వాడు చెప్పిన మాట నాకు బాగా గుర్తు: "కూర్చునే ఉన్నానమ్మా. కానీ లోపల లేచి తిరుగుతూనే ఉన్నా." తరువాత డాక్టరు గారు నిర్ధారణ గ్రంథంలోని ఒక వాక్యం చూపించారు. కూర్చోవలసిన చోట పరుగెత్తడం, ఎక్కడం అన్న లక్షణం పక్కనే కుండలీకరణాల్లో, కౌమారంలోనూ పెద్దవారిలోనూ ఇది లోపలి అశాంతిగా మాత్రమే మిగలవచ్చు అని ఉంది. దీని అర్థం ఏమిటంటే, పదిహేనేళ్లు దాటాక అతి చురుకుదనం ఉందా లేదా అన్నది చూసేవాళ్లు చెప్పలేరు; ఉన్నవాడే చెప్పాలి.

ఆ సంవత్సరం నుంచే ఆవిడ వాడితో విడిగా మాట్లాడడం మొదలుపెట్టారు. నేను బయట కూర్చునేదాన్ని. నా కాగితంతో పాటు వాడికీ ఒక కాగితం ఇచ్చేవారు. ఇది తల్లికి కొంచెం కష్టంగానే ఉంటుంది, అయినా ఆ వయసులో అది తప్పదు. ఎందుకంటే ఆ దశలో వచ్చిన కొత్త సంగతుల్లో సగం నాకు తెలియవు. రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టకపోవడం నేను ఫోను మీదికి నెట్టేదాన్ని; కౌమారంలో ఎటూ వెనక్కి జరిగే నిద్రవేళ ఈ పిల్లల్లో మరింత జరుగుతుందని ఆవిడ చెప్పారు. చిన్న మాటకు తలుపు విసిరి వెళ్లిపోవడం, పావుగంటకు ఏమీ జరగనట్టు వచ్చి అన్నం అడగడం కూడా ఈ దుడుకుతనంలో భాగమేనట: చేతులు కాళ్లు అదుపులోకి వచ్చినంత త్వరగా కోపం అదుపులోకి రాదు. మందు వద్దన్నది కూడా ఆ ఏడాదే. "నేనేమైనా పిచ్చివాణ్ణా?" అన్నాడు. ఎవరి నోటి నుంచి ఆ మాట వాడి చెవిన పడి ఉంటుందో నేను ఊహించగలను. డాక్టరు గారు వాదించలేదు. మందుతో ఒక నెల, మందు లేకుండా ఒక నెల గడిపి, తేడాను వాణ్ణే రాసుకు రమ్మన్నారు. రాసుకొచ్చాక మందు వాడే అడిగాడు. కాకపోతే ఆదివారాలు వద్దన్నాడు. ఆ షరతుకు ఆవిడ ఒప్పుకున్నారు.

2021లో పదో తరగతి పరీక్షలు రద్దయి అందరితోపాటు మావాడూ గట్టెక్కాడు. ఇంటర్ మాత్రం ఎవరినీ ఊరికే వదలదు. మా నగరంలో ఎంపీసీ అంటే ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, గోడ మీద ర్యాంకుల జాబితా. హాస్టల్లో వేయమన్న సలహాను మేము తీసుకోలేదు. వాడు ఇంటి నుంచే వెళ్లొచ్చాడు. మోతాదుకు నాలుగు గంటలు పనిచేసే పాత మాత్ర ఆ రోజుకు ఏమూలకూ చాలక, ఎక్కువ గంటలు నిలిచే రకానికి మార్చారు.

దుడుకుతనం అప్పుడు ఎక్కడ దాక్కుందో మార్కుల కాగితం చూస్తే తెలిసింది. జేఈఈ నమూనా పరీక్షలో సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. మావాడు తరగతిలో అందరికన్నా ఎక్కువ ప్రశ్నలకు జవాబు పెట్టి, అందరికన్నా ఎక్కువ కోత తెచ్చుకునేవాడు. తప్పిన ప్రశ్నలను ఒక రాత్రి వాడితో కూర్చుని చదివాను. నాకు భౌతికశాస్త్రం రాదు. నేను ప్రశ్నల్ని వాక్యాలుగా మాత్రమే చదివాను. వాటిలో చాలా వాటి చివర 'సరికానిది ఏది' అని ఉంది. వాడు అక్కడిదాకా వెళ్లలేదు. మొదటి సరైన వాక్యం కనిపించగానే గుర్తు పెట్టేసి ముందుకు పోయాడు. రెండో తరగతిలో టీచరు ప్రశ్న పూర్తి చేయకుండానే అరిచిన పిల్లవాడే వీడు, చప్పుడు మాత్రమే పోయింది. ప్రశ్న చివరి మాట కింద గీత గీయకుండా జవాబు ముట్టుకోకూడదన్న నియమం వాడే పెట్టుకున్నాడు. కోతలు లేని ఎంసెట్‌లో, 180 నిమిషాల్లో 160 ప్రశ్నల పరీక్షలో, అదే తొందర కొంత కలిసి కూడా వచ్చింది.

పరీక్షలో అదనపు సమయం కోసం ప్రయత్నించాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. చాలామంది పిల్లల్లో ఈ రెండూ కలిసి ఉంటాయి కాబట్టి ఆ దారిన ధ్రువపత్రం వస్తుంది. మావాడికి చేసిన పరీక్షల్లో అభ్యసన వైకల్యం లేదని తేలింది. అది సంతోషించవలసిన ఫలితమే అయినా, దానితో ఆ తలుపు మూసుకుంది. ఇంటర్ రెండో ఏడాది మధ్యలో వాడు ఎవరితోనూ మాట్లాడకుండా, "నేనింతే" అనడం మొదలుపెట్టినప్పుడు కొత్త మందు కన్నా ముందు కౌన్సెలింగ్ అందింది. ఏళ్ల తరబడి 'తెలివుంది గాని' అన్న మాట విన్న పిల్లల్లో ఆ వయసుకు దిగులూ ఆందోళనా తోడవడం అరుదు కాదని, దాన్ని కూడా లక్షణాల మార్పులో భాగంగానే కనిపెట్టి ఉండాలని ఆవిడ ముందునుంచే చెబుతూ వచ్చారు.

పద్దెనిమిది నిండాక లైసెన్సు వచ్చింది. బండి నా పేరు మీద ఉంది కాబట్టి వాడి దుడుకుతనం గురించిన నివేదికలు ఇప్పుడు నాకు ట్రాఫిక్ పోలీసుల నుంచి ఫొటోతో సహా వస్తాయి: హబ్సిగూడ చౌరస్తాలో ఎర్ర దీపం పడ్డాక దాటినందుకు ఒకటి, రాంగ్ రూట్‌కు ఒకటి. నవ్వుతూ రాస్తున్నాను గాని ఇది నవ్వే సంగతి కాదు. ఏడీహెచ్‌డీ ఉన్న యువకుల్లో రోడ్డు ప్రమాదాలు ఎక్కువన్నది పరిశోధనల్లో పదేపదే తేలిన విషయం. క్లాసు ఉన్న రోజున వాడు బండి ముట్టుకోకుండా తార్నాక స్టేషన్‌లో మెట్రో ఎక్కాలన్నది ఇంట్లో ఒప్పందం. పరాకు సంగతి వేరు. అది ఇప్పుడు పరీక్ష ఫీజు ఆలస్య రుసుముతో కట్టడంగా, 75 శాతానికి అంచున వేలాడే హాజరుగా, ల్యాబ్ రికార్డులో చివరి రెండు ప్రయోగాలు మాత్రం ఖాళీగా మిగలడంగా కనిపిస్తుంది.

పదిహేడేళ్లు నిండితే నిర్ధారణకు ఆరు లక్షణాలు కాక ఐదు చాలు. ప్రశ్నావళి కూడా మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారి కోసం తయారుచేసిన ఏఎస్ఆర్ఎస్‌లో తొలి వడపోతకు ఉన్నవి ఆరే ప్రశ్నలు. వాటిలో నాలుగు, పనిలోని కష్టమైన భాగం అయిపోయాక చివరి చిల్లర పనులు ముగించడం గురించి, వస్తువుల్నీ పనుల్నీ వరసలో పెట్టడం గురించి, అనుకున్న వేళలు గుర్తుండడం గురించి, బాగా ఆలోచించవలసిన పనిని వాయిదా వేయడం గురించి. కదలికకు రెండే మిగిలాయి. ఏడేళ్లప్పుడు చెరి సగం ఉన్న లెక్క ఇలా మారిందంటే, ఆ కాగితం తయారుచేసినవాళ్లకు ఈ పిల్లలు పెరిగి పెద్దయి ఎలా ఉంటారో తెలుసన్నమాట. మొదటి ప్రశ్న చదివినప్పుడు నాకు బ్యాగు అడుగున ఉండిపోయిన కాకతీయుల ప్రాజెక్టే తట్టింది.

ఆ ఆరు ప్రశ్నలను మా తమ్ముడు కూడా నింపాడు. పెంకుల మీద నడిచినవాడు. ఇప్పుడు నలభై దాటింది. ఉప్పల్ దగ్గర ఎలక్ట్రికల్ పనుల కాంట్రాక్టులు చేస్తాడు. పని అద్భుతంగా చేస్తాడని పేరు, బిల్లు పంపడని ఇంకో పేరు. ఈ సమస్యలో వంశపారంపర్యం పాలు 70 నుంచి 80 శాతం దాకా ఉంటుందని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి కాబట్టి, మా అత్తయ్య అన్న 'మేనమామ పోలిక' వైద్యశాస్త్రం ప్రకారం ఆక్షేపించదగిన మాటేమీ కాదు. అది పోలికే గాని జబ్బు కాదన్న దగ్గరే మాకు తేడా వచ్చింది. వడపోతలో తేలినంత మాత్రాన నిర్ధారణ అయినట్టు కాదు. తమ్ముడు పెద్దవారి మానసిక వైద్యుణ్ణి కలిశాడు, చిన్నప్పటి సంగతులు చెప్పడానికి మా అమ్మను వెంటబెట్టుకుని. అరవై తొమ్మిదేళ్ల మా అమ్మ ఆ గదిలో ఒక గంటసేపు ఆగకుండా చెప్పిందట.

ఇటీవల మావాడి కాగితమూ నా కాగితమూ పక్కపక్కన పెట్టినప్పుడు తేడాలు చాలా కనిపించాయి. వేళలు మరచిపోవడం గురించి నేను 'చాలా తరచుగా' అని గుర్తించిన చోట వాడు 'అప్పుడప్పుడు' అన్నాడు. లోపలి అశాంతి గురించి నేను 'అరుదుగా' అన్నచోట వాడు చివరి గడిలో గుర్తు పెట్టాడు. ఈ వయసువాళ్లు తమ పరాకును తక్కువగా చెప్పడం మామూలేనట, అందుకే పెద్దయ్యాక కూడా ఇంట్లో ఒకరి కాగితం అడుగుతారట. వాడిని ఇక ఎంతకాలం చూడాలని నేను అడిగాను. 1990లలో అమెరికాలో 579 మంది పిల్లలతో మొదలైన ఎంటీఏ అధ్యయనం వాళ్లను ఇరవై అయిదేళ్ల వయసు దాకా వెంబడించిందనీ, పూర్తిగా కోలుకుని అలాగే నిలిచినవారు పదిమందిలో ఒక్కరేననీ, అన్నేళ్లూ ఏకరీతిగా కొనసాగినవారు కూడా దాదాపు అంతేననీ, ఎక్కువమందిలో కొన్నేళ్లు తగ్గి మళ్లీ కొన్నేళ్లు పెరుగుతూ వచ్చిందనీ చెప్పారు. కాబట్టి తగ్గినప్పుడు చూడడం మానేయకూడదు, పెరిగినప్పుడు మందు పనిచేయలేదని అనుకోకూడదు.

ప్రస్తుతం వాడు క్లాసులూ పరీక్షలూ ఉన్న రోజుల్లో మందు వేసుకుంటున్నాడు, సెలవుల్లో మానేస్తాడు. అపాయింట్‌మెంట్ తీసుకునేది వాడే, చీటీ తెచ్చుకునేదీ వాడే. మరచిపోతే మందు అయిపోతుంది, అలా ఒకటి రెండుసార్లు అయింది కూడా. వచ్చే వేసవిలో ఇంటర్న్‌షిప్ గచ్చిబౌలిలో ఉండవచ్చు. అక్కడ గంటగంటకూ గంట కొట్టేవారూ హాజరు పిలిచేవారూ ఉండరు కాబట్టి, చేరిన రెండో నెలలో ఆ ఆరు ప్రశ్నలూ మళ్లీ నింపి తీసుకురమ్మని డాక్టరు గారు చెప్పారు. ఈసారి రెండో కాగితం నాకు కాదట, అక్కడ వాడితో కలిసి పనిచేసే వాళ్లలో ఒకరికి ఇవ్వాలట. ఎవరికి ఇవ్వాలో వాడు ఇంకా తేల్చుకోలేదు.